విమానాశ్రయ భద్రతా తనిఖీ: యంత్రాల చూపు, సోదాకు చట్టం గీసిన గీత

విమానం ఎక్కబోయే ప్రయాణికుడి ఒంటినీ, చేతిసంచినీ, చెకిన్ లగేజీనీ పరీక్షించే ఏర్పాటే విమానాశ్రయ భద్రతా తనిఖీ. ఏ నేరం చేశాడన్న అనుమానమూ లేకుండా, వారెంటు లేకుండా, రోజూ లక్షల మందిని ప్రభుత్వం సోదా చేసే అతి పెద్ద వేదిక ఇదే. ఇంటి గడప దాటాలంటే పోలీసును వారెంటు అడిగే చట్టం ఇక్కడ ఎందుకు పక్కకు జరిగింది, ఎంతవరకు జరిగింది అన్న ప్రశ్నను అందరికంటే ఎక్కువగా తర్కించినవి అమెరికా కోర్టులు. ఐదు దశాబ్దాల వాటి తీర్పులను వరసగా చదివితే ఒక మాట స్థిరంగా వినిపిస్తుంది. విమానాన్ని కూల్చగల, హైజాక్‌కు పనికొచ్చే వస్తువు కోసం వెతకవచ్చు; ఆ వంకతో మరొకదాని కోసం వెతకకూడదు. యంత్రం ఎంత లోతుకు చూడగలదో ఇంజినీర్లు చెబుతారు. ఆ చూపు ఎక్కడ ఆగాలో చెప్పవలసింది ఈ ఉద్దేశమే.

హైజాక్‌ల కాలం

1960ల చివరిదాకా అమెరికాలో జనం బస్సెక్కినంత సులువుగా విమానం ఎక్కేవారు. 1968 నుంచి 1972 వరకు అక్కడి గగనతలంలో 130కి పైగా హైజాక్‌లు జరిగాయి. చాలా విమానాలను క్యూబాకు మళ్లించారు. అయినా అందరినీ తనిఖీ చేయడానికి ప్రభుత్వం వెంటనే సిద్ధపడలేదు. ప్రయాణికులు విసిగి విమానాలకు దూరమవుతారని విమాన సంస్థలు భయపడ్డాయి. హైజాకర్ల నడవడిని అధ్యయనం చేసి ఒక లక్షణాల పట్టిక తయారుచేశారు. దానికి సరిపోలినవారినే లోహాన్ని పట్టే యంత్రం ముందు నిలబెట్టేవారు. 1969లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఈ పద్ధతి మొదలుపెట్టింది.

1972 నవంబరులో ముగ్గురు వ్యక్తులు సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని పట్టుకుని, అడిగిన సొమ్ము ఇవ్వకపోతే టెనెసీలోని ఓక్ రిడ్జ్ అణు రియాక్టర్ మీద కూలుస్తామన్నారు. దాంతో తర్జనభర్జనలు ఆగిపోయాయి. 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడికీ తనిఖీ తప్పనిసరి అయింది.

2001 సెప్టెంబరు 11 దాడుల దాకా ఆ పని విమాన సంస్థలు పెట్టుకున్న ప్రైవేటు సిబ్బందిది. ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన చట్టం దాన్ని టీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. అప్పటినుంచి జరిగిన ప్రతి దాడియత్నం తనిఖీ వరసలో ఒక కొత్త పనిని చేర్చింది. 2001 డిసెంబరులో రిచర్డ్ రీడ్ బూట్లలో బాంబు దాచాడు కాబట్టి బూట్లు విప్పించారు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ బాంబుల కుట్ర బయటపడింది కాబట్టి చేతిసంచిలోని సీసా 100 మిల్లీలీటర్లకు కుదించుకుపోయింది. పెట్టిన నిబంధనను తీసేయడం మాత్రం చాలా అరుదు. బూట్లు విప్పే నియమాన్ని టీఎస్‌ఏ ఎత్తివేసింది 2025 జులైలో.

యంత్రాలు ఏం చూస్తాయి

నడిచి దాటే మెటల్ డిటెక్టర్‌లో తీగచుట్టల గుండా విద్యుత్తును తునకలు తునకలుగా పంపుతారు. ఆ అయస్కాంత క్షేత్రంలోకి లోహం వస్తే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి. అవి సద్దుమణగడానికి పట్టే కొద్దిపాటి సమయాన్ని యంత్రం కొలిచి కూత పెడుతుంది. మెడలోని గొలుసు, నడుము బెల్టు, మోకాలి మార్పిడిలో అమర్చిన లోహపు కీలు దానికి ఒకటే. ప్లాస్టిక్ పేలుడు పదార్థం మాత్రం దానికి కనబడదు.

సంచులను చూసే ఎక్స్-రే యంత్రం రెండు వేర్వేరు శక్తిస్థాయుల కిరణాలను వాడుతుంది. వస్తువు ఒక్కో స్థాయిలో ఎంత కిరణాన్ని మింగిందో పోల్చి, అది ఏ జాతి పదార్థమో అంచనా కట్టి తెర మీద రంగు వేస్తుంది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ ప్రధానంగా ఉన్న సేంద్రియ పదార్థాలకు నారింజ, లోహాలకు నీలం, మధ్యస్థంగా ఉన్నవాటికి ఆకుపచ్చ. చిక్కు ఇక్కడే ఉంది. పేలుడు పదార్థాలూ సేంద్రియాలే, తిండి పదార్థాలూ సేంద్రియాలే. సున్నుండల డబ్బా, కందిపొడి పొట్లం, గట్టిగా కట్టిన పుస్తకాల కట్ట తెర మీద ముదురు నారింజ ముద్దలుగానే కనబడతాయి. పొడి 350 మిల్లీలీటర్లకు మించితే అమెరికా వెళ్లే విమానాల్లో విడిగా పరీక్షించాలన్న నిబంధన 2018 జూన్ చివర అమల్లోకి వచ్చింది. పిల్లల దగ్గరికి కారప్పొడీ సాంబారుపొడీ మోసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఈ నిబంధన బాగానే పరిచయం. ఊరగాయ సీసాను ద్రవాలు, జెల్‌ల లెక్కలో కడతారు కాబట్టి దాన్ని చెకిన్ లగేజీలో పెట్టడమే దారి.

ఒకే కోణం నుంచి తీసిన చిత్రంలో ఒక వస్తువు మరోదాని వెనక దాక్కోగలదు. ఆసుపత్రి సీటీ స్కాన్ మాదిరిగానే సంచి చుట్టూ కిరణాల మూలాన్ని తిప్పి, పొరలు పొరలుగా చిత్రించి, ప్రతి వస్తువు సాంద్రతనూ లెక్కగట్టే యంత్రాలు ఈ లోటును తీర్చాయి. వీటి వెనక ఒక విషాదం ఉంది. 1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ ఆమ్ 103 విమానాన్ని పేల్చి 270 మంది ప్రాణాలు తీసిన బాంబు ఒక రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. మామూలు ఎక్స్-రే తెర మీద అలాంటిదాన్ని గుర్తించడం కష్టం. ఆ తర్వాతి పరిశోధనల ఫలితంగా తొలి సీటీ యంత్రానికి 1994లో అమెరికా ఆమోదం దొరికింది.

లాకర్‌బీ ఘటనకు మూడేళ్ల ముందు, 1985 జూన్ 23న, ఎయిరిండియా కనిష్క విమానం 329 మందితో అట్లాంటిక్‌లో కూలింది. ఆ రోజు టొరంటోలో లగేజీని పరీక్షించే ఎక్స్-రే యంత్రం మధ్యలో పాడైంది. మిగతా సంచులను చేతిలో పట్టుకునే వాసన పరికరంతో చూసి పంపేశారు. బాంబున్న సంచి వాంకూవర్ నుంచి వచ్చింది. దాన్ని అప్పగించిన వ్యక్తి విమానం ఎక్కనేలేదు. మనిషి ఎక్కకపోతే సంచిని దించేయాలన్న నియమం ఒక్కటి గట్టిగా పాటించి ఉంటే ఆ 329 మంది బతికేవారు. తనిఖీ చరిత్రలో ఇంతటి పాఠం మరొకటి లేదు.

అరచేతులనూ సంచి జిప్పులనూ తుడిచే చిన్న గుడ్డముక్క మరో పద్ధతిలో పనిచేస్తుంది. దాన్ని యంత్రంలో పెట్టి వేడి చేస్తే ఆవిరైన అణువులు విద్యుదావేశం పొంది ఒక గొట్టం వెంట పరుగెడతాయి. గొట్టం దాటడానికి ఏ అణువుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూసి పేలుడు పదార్థాన్ని గుర్తుపడతారు. నానోగ్రాముల జాడ చాలు. ఇంత సున్నితమైన పరికరం కాబట్టే గ్లిజరిన్ ఉన్న లోషన్‌కూ, గుండెజబ్బు మాత్రకూ, పొలంలో చల్లి వచ్చిన నైట్రేట్ ఎరువుకూ కూత పెట్టగలదు. ఆ కూతకు అర్థం ఇంకాస్త చూడమని మాత్రమే. వరసలో నిలబడ్డవాళ్ల కళ్లు మాత్రం అప్పుడే ఆ మనిషిని దోషిగా చూస్తాయి.

ఒంటి స్కానర్లు

2009 క్రిస్మస్ నాడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న నార్త్‌వెస్ట్ విమానంలో ఉమర్ ఫారూక్ అబ్దుల్ ముతల్లబ్ లోదుస్తుల్లో దాచిన పీఈటీఎన్ అనే పేలుడు పదార్థాన్ని పేల్చబోయాడు. మెటల్ డిటెక్టర్‌కు అందనిదాన్ని పట్టడానికంటూ అమెరికా విమానాశ్రయాల్లో ఒంటి స్కానర్లు వేగంగా దిగాయి. అవి రెండు రకాలు. ఒకటి తక్కువ మోతాదు ఎక్స్-రేలను చర్మం మీద పడి వెనక్కి చెదిరేలా చేసి చిత్రం తీసేది. రెండోది మిల్లీమీటర్ తరంగాలను పంపేది. ఇవి బట్టల్లోంచి దూరి చర్మం దగ్గర ఆగి తిరిగొస్తాయి, ఎక్స్-రేల మాదిరిగా కణాలను అయనీకరించవు.

తొలినాళ్లలో ఈ రెండూ బట్టల్లేని ఒంటి రూపాన్నే మరో గదిలో కూర్చున్న ఉద్యోగికి చూపేవి. ప్రజలు ఊరుకోలేదు. అసలు ఒంటి బొమ్మను దాచి, ఒక సాధారణ మనిషి బొమ్మ మీద అనుమానం ఉన్న చోట పసుపు గడి మాత్రమే చూపే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అని అమెరికా కాంగ్రెస్ 2012లో గడువు పెట్టింది. మిల్లీమీటర్ తరంగాల యంత్రాలకు అది కుదిరింది. ఎక్స్-రే రకానికి ఆ సాఫ్ట్‌వేర్‌ను గడువులోగా అందించలేకపోవడంతో 2013లో వాటిని విమానాశ్రయాల నుంచి తీసేశారు. మర్యాదకూ భద్రతకూ పొసగదని వాదించేవారికి ఈ ఘట్టమే సమాధానం: బొమ్మను దాచిపెట్టినా వెతుకులాట సాగింది. తీసేసిన ఆ యంత్రాన్ని విశ్వవిద్యాలయ పరిశోధకులు కొని పరీక్షించి, తుపాకీని ఒంటికి పక్కగా, చిత్రంలోని నల్లటి నేపథ్యంలో కలిసిపోయేలా పెడితే అది పట్టలేదని 2014లో ప్రకటించారు. మరుసటి ఏడాది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ తనిఖీ బృందాలు మారువేషాల్లో వెళ్లి జరిపిన 70 ప్రయత్నాల్లో 67 సార్లు నిషిద్ధ వస్తువులను దాటించగలిగాయన్న వార్త బయటికొచ్చింది.

మిల్లీమీటర్ తరంగాలకు మడతలంటే పడదు. చెమట, వదులు బట్టలు, జడముడి, తలపాగా, చీర కుచ్చిళ్లు వాటిని గందరగోళపెడతాయి. చీరను సహజంగానే అనేక పొరలుగా కడతారు. నడుం దగ్గర కుచ్చిళ్లు దోపిన చోట బట్ట మందంగా ఉంటుంది. 2010 డిసెంబరులో అమెరికాలో భారత రాయబారి మీరా శంకర్‌ను మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకు పిలిచి చేతులతో తడిమి చూశారు. ఆమె చీరలో ఉన్నారు. భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. రాయబారి కాబట్టి ఆ సంగతి పత్రికలకెక్కింది. తలపాగా చుట్టుకున్న సిక్కులూ, బిగుతు జడలు వేసుకున్న నల్లజాతి స్త్రీలూ ఇదే మాట ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఒక రకమైన ఒంటినీ ఒక రకమైన దుస్తులనూ ప్రమాణంగా పెట్టుకున్న లెక్క మిగతావాళ్లను అనుమానితుల వరసలోకి నెడుతుంది. ఇది యంత్రం లోపమే అయినా అవమానం మనిషిది.

నాలుగో సవరణ గీసిన గీత

అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ పౌరులకు అసహేతుక సోదాల నుంచి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణకు విమానాశ్రయంలో మినహాయింపు ఎలా దొరికిందన్నదానికి మూలస్తంభం 1973లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు డేవిస్ కేసులో ఇచ్చిన తీర్పు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కబోతున్న వ్యక్తి బ్రీఫ్‌కేసు తెరిస్తే తుపాకీ బయటపడింది. నేరస్థుణ్ని పట్టడానికి చేసే సోదా వేరు, ప్రమాదాన్ని నివారించడానికి అందరికీ ఒకేలా చేసే పాలనాపరమైన సోదా వేరని కోర్టు చెప్పింది. రెండోదానికి వారెంటు అక్కర్లేదు, కానీ షరతులున్నాయి. ఆయుధాలనూ పేలుడు పదార్థాలనూ కనుక్కోవడానికి అవసరమైనంత మేరకే అది ఉండాలి. ఆ ఉద్దేశానికే చిత్తశుద్ధితో కట్టుబడాలి. ఇష్టం లేనివారు ప్రయాణం మానుకుని తప్పుకునే వీలుండాలి.

ఈ చివరి షరతు కాలక్రమంలో సన్నబడింది. తప్పుకునే వీలుంటే దుండగుడు ఎన్నిసార్లైనా వచ్చి లొసుగు దొరికేదాకా ప్రయత్నిస్తాడని అదే కోర్టు 2007లో, హొనొలులు విమానాశ్రయపు కేసులో అంది. మెటల్ డిటెక్టర్ గుండా నడిచినా, సంచిని బెల్టు మీద పెట్టినా తనిఖీ మొదలైనట్టే. ఆపైన ‘నేను వెళ్లిపోతాను’ అన్నా తనిఖీని ఆపడానికి లేదు. అంతకు ముందటేడు మూడో సర్క్యూట్ కోర్టులో న్యాయమూర్తిగా ఉన్న శామ్యూల్ అలిటో మరో కొలత చెప్పారు. తనిఖీ తేలికపాటి మెట్టుతో మొదలు కావాలి. ఆ మెట్టులో కారణం దొరికితేనే మరింత చొరబడే మెట్టుకు వెళ్లాలి. డోర్‌ఫ్రేమ్ డిటెక్టర్ కూసింది కాబట్టి చేతి డిటెక్టర్, అదీ జేబు దగ్గర కూసింది కాబట్టి జేబు. ఆచరణలో ఈనాటికీ ఎక్కువ పనికొచ్చే సూత్రం ఇదేనని చెప్పాలి.

ఇన్ని కోట్ల మందిని తాకే ఈ విషయం మీద అమెరికా సుప్రీంకోర్టు ఇంతవరకూ సూటిగా తీర్పు ఇవ్వలేదు. 1997లోనూ 2000లోనూ వేరే కేసుల్లో, విమానాశ్రయ తనిఖీల సంగతి వేరని ప్రస్తావించి ఊరుకుంది. ఒంటి స్కానర్లు నాలుగో సవరణకు విరుద్ధం కావని 2011లో కొలంబియా జిల్లా అప్పీలు కోర్టు తేల్చింది. కానీ వాటిని తప్పనిసరి చేసేముందు ప్రజాభిప్రాయం అడగకపోవడం చట్టవిరుద్ధమంది. టీఎస్‌ఏ ఆ తంతు పూర్తి చేసి తుది నిబంధన ప్రకటించేసరికి 2016 వచ్చింది. స్కానర్ వద్దని చేతి తనిఖీ కోరుకునే హక్కు చాలామందికి ఉంది. అదే లింగానికి చెందిన అధికారే తనిఖీ చేయాలి, విడి గది అడగవచ్చు, తోడుగా సాక్షిని పెట్టుకోవచ్చు.

ఉద్దేశం దారి తప్పినప్పుడు

బాంబు కోసం తెరిచిన సంచిలో గంజాయి కనబడితే? అప్పటిదాకా జరిగిన సోదా న్యాయబద్ధమైనదైతే, దొరికినదాన్ని పోలీసులకు అప్పగించవచ్చు, సాక్ష్యంగా చెల్లుతుంది. టీఎస్‌ఏ అధికారికి అరెస్టు చేసే అధికారం లేదు. స్థానిక పోలీసును పిలవాలి. ఇంతవరకు పేచీ లేదు. బాంబు లేదని తేలాక కూడా చెయ్యి వెతుకుతూనే పోతే అక్కడ మొదలవుతుంది పేచీ.

ఒహాయోలోని కొలంబస్‌లో ఒక ప్రయాణికుడి కవర్లలో ఆయుధాలూ పేలుడు పదార్థాలూ లేవని అర్థమయ్యాక కూడా అధికారిణి వాటిని తెరిచింది. వేర్వేరు పేర్లతో పాస్‌పోర్టులు బయటపడ్డాయి. 2009లో అక్కడి ఫెడరల్ జిల్లా కోర్టు ఆ సాక్ష్యాన్ని కొట్టేసింది. నేరమున్న మాట నిజమే కావచ్చు, భద్రత పేరు చెప్పి చేసిన నేర పరిశోధన అది. 2011లో హవాయిలోని హీలో కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు గీతను ఇంకా సన్నంగా గీసింది. చెకిన్ సంచిలోని కవరు లోంచి జారిపడ్డ ఫొటోలు కంటపడటం తప్పు కాదు. పలచటి పేలుడు పదార్థపు రేకులేమీ లేవని తేలాక, కాగితాలు తిప్పుతూ చదవడం మాత్రం పాలనాపరమైన సోదా పరిధి దాటడమే.

2009 మార్చిలో సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో రాజకీయ ప్రచార బృందానికి చెందిన ఉద్యోగి దగ్గర 4,700 డాలర్ల నగదు కనబడితే అతణ్ని గదిలో కూర్చోబెట్టి ఎక్కడిదని గద్దించారు. ఆ సంభాషణను అతడు ఫోన్‌లో రికార్డు చేశాడు. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ దావా వేసింది. విమాన భద్రతతో సంబంధం లేని నేరాల సాక్ష్యం కోసం తనిఖీ చేయరాదని టీఎస్‌ఏ ఆ ఏడాదే తన ఆదేశాలను సవరించింది. నగదు పేలదు. దేశంలో ప్రయాణించే మనిషి ఎంత డబ్బైనా వెంట తీసుకెళ్లవచ్చు.

ఈ జబ్బు అంత తేలిగ్గా పోదనడానికి మరో ఉదాహరణ. మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ ప్రయాణికులను ఆపి, ‘మీ ఇష్టపూర్వకంగానే’ అంటూ సంచులు వెతికే పద్ధతిని అమెరికా న్యాయశాఖ 2024 నవంబరులో నిలిపివేయించింది. ప్రయాణానికి 48 గంటల లోపు టికెట్ కొన్నవారి వివరాలు చేరవేసినందుకు ఒక విమాన సంస్థ ఉద్యోగికి, పట్టుబడ్డ సొమ్ములో వాటా ముడుతోందని న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలో తేలింది. గేటు దగ్గర ఒక అధికారి దారికి అడ్డంగా నిలబడితే, విమానం తప్పిపోతుందని గుండె దడదడలాడే మనిషి ఇచ్చే అనుమతిని ఇష్టపూర్వకమైనదని ఎవరూ నిజాయితీగా అనలేరు.

హద్దు దాటిన అధికారి చర్యలకు ప్రభుత్వం మీద దావా వేసే దారిని మూడో సర్క్యూట్ పూర్తి ధర్మాసనం 2019లో తెరిచింది. ఫిలడెల్ఫియా విమానాశ్రయంలో జరిగిన ఘటనపై ఒక మహిళ వేసిన కేసులో, తనిఖీ అధికారుల ఉద్దేశపూర్వకమైన తప్పులకు ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చని అది చెప్పింది.

సరిహద్దు: మరో చట్టం, మరో కొలత

విమానం దిగి ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడ్డ ప్రయాణికుడికి పైన చెప్పిన సూత్రాలు అంతగా వర్తించవు. అక్కడ సోదా చేసేది సరిహద్దు సంస్థ సీబీపీ. దేశంలోకి వచ్చేవారిని అనుమానం లేకుండానే మామూలు సోదా చేసే అధికారం ప్రభుత్వానికి మొదటినుంచీ ఉందని కోర్టులు ఒప్పుకున్నాయి. పెట్టెకు సరిపోయిన ఆ సూత్రం ఫోన్‌కు సరిపోతుందా అన్నదే నేటి వివాదం. అరెస్టయినవాడి ఫోన్ చూడాలన్నా వారెంటు కావాలని సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో చెప్పింది, కానీ అది సరిహద్దు కేసు కాదు. పరికరాలు తగిలించి ల్యాప్‌టాప్‌ను లోతుగా తవ్వాలంటే సహేతుక అనుమానం ఉండాలని తొమ్మిదో సర్క్యూట్ 2013లో అంది. పదకొండో సర్క్యూట్ 2018లో అక్కర్లేదంది. 2024 జులైలో న్యూయార్క్ తూర్పు జిల్లా న్యాయమూర్తి ఒకరు జేఎఫ్‌కే విమానాశ్రయపు కేసులో ఏకంగా వారెంటే కావాలన్నారు. అంటే దిగిన ఊరిని బట్టి హక్కు మారుతోంది.

2018 నాటి సీబీపీ ఆదేశం ప్రకారం అధికారులు పరికరంలో ఉన్న సమాచారాన్నే చూడాలి; నెట్‌వర్క్ కట్టేసి, క్లౌడ్ జోలికి పోకూడదు. 2024 ఆర్థిక సంవత్సరంలో 47 వేలకు పైగా పరికరాలను వెతికారు. వచ్చిన ప్రయాణికుల సంఖ్యతో పోలిస్తే ఇది చాలా తక్కువే. కానీ బరువు అందరిమీదా ఒకేలా పడదు. పాస్‌కోడ్ చెప్పనన్న అమెరికా పౌరుణ్ని వెనక్కి పంపలేరు, ఫోన్‌ను మాత్రం ఉంచేసుకోవచ్చు. వీసా మీద వచ్చిన విద్యార్థికీ, ఉద్యోగికీ ప్రవేశమే నిరాకరించవచ్చు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో డాలస్‌లో దిగిన ఎఫ్-1 విద్యార్థికి కాగితం మీద ఉన్న హక్కు ఆ క్షణంలో అక్కరకు రావడం కష్టం.

భారతదేశంలో

1976 సెప్టెంబరులో జరిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ హైజాక్ తర్వాత పాండే కమిటీ సిఫారసుతో 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఒక విభాగంగా పుట్టింది. కనిష్క విషాదం తర్వాత 1987లో స్వతంత్ర శాఖ అయింది. 1999 డిసెంబరు నాటి కాందహార్ హైజాక్ తర్వాత తనిఖీ పని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ చేతికి రావడం మొదలైంది. తొలి విమానాశ్రయం 2000లో జైపూర్. మహిళలను తెర కట్టిన గదిలో మహిళా సిబ్బందే చూడటం ఇక్కడి ఏర్పాట్లలో మెచ్చుకోదగ్గది. స్థానిక ఆచారాన్ని నిబంధన ఎలా ఇముడ్చుకోగలదో 2024 అక్టోబరులో కనిపించింది. మండే స్వభావం ఉన్న ఎండుకొబ్బరి కారణంగా కొబ్బరికాయలను చేతిసంచిలో అనుమతించరు. శబరిమల యాత్రికులు ఆ యాత్రా కాలంలో ఇరుముడిలోని కొబ్బరికాయను వెంట తీసుకెళ్లవచ్చని, తనిఖీ జరిగాకే అనుమతి ఉంటుందని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ప్రకటించారు.

మన రాజ్యాంగంలో నాలుగో సవరణ లాంటిది లేదని 1954లో సుప్రీంకోర్టు ఎం.పి. శర్మ కేసులో అంది. 1973లో పూరన్‌మల్ కేసులో, సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం చెల్లుతుందంది. అమెరికాలో కొలంబస్ కవర్ల సాక్ష్యం చెత్తబుట్టలోకి వెళ్లింది. మన దగ్గర అది కోర్టులో నిలబడే అవకాశం ఎక్కువ. పౌరుడికి ఇది పెద్ద లోటు. 2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, ప్రభుత్వ చర్యకు చట్టం ఆధారం ఉండాలని, లక్ష్యానికి తగిన మోతాదులోనే ఉండాలని చెప్పింది. విమానాశ్రయ సోదాలను ఆ తూకంలో పూర్తిగా పెట్టి చూడటం ఇంకా జరగాల్సిన పనే.

కొన్ని రక్షణలు మాత్రం చట్టాల్లోనే ఉన్నాయి. మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒంటి సోదాకు ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షం కోరవచ్చని నిందితుడికి చెప్పాలి. ఈ హక్కు చేతిసంచికి వర్తించదు. శంషాబాద్‌లో తరచూ వినబడే, ఒంట్లో దాచిన బంగారం కేసులకు కస్టమ్స్ చట్టం 103వ సెక్షన్ ఉంది. ఒంటిని ఎక్స్-రే తీయాలంటే అధికారి ఆ మనిషిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. 2019లో వచ్చిన సవరణతో పై అధికారి ముందస్తు అనుమతి ఉంటే స్కాన్ చేసే వీలు కలిగింది. న్యాయాధికారి చేతిలోని తాళం ఒకటి శాఖ చేతికి మారిందన్నమాట.

ఇక తాజా యంత్రం ముఖాన్ని గుర్తుపట్టే కెమెరా. దాన్ని వాడే డిజియాత్ర పథకం 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, 2023లో హైదరాబాద్, విజయవాడలకు వచ్చింది. విమానాశ్రయం దగ్గర ఉండే సమాచారాన్ని విమానం బయల్దేరిన 24 గంటల్లో తుడిచేస్తామని ప్రభుత్వం చెబుతోంది. ఇది ఆయుధాన్ని వెతికే యంత్రం కాదు, మనిషిని గుర్తించే యంత్రం. కాబట్టి దీనికి పేలుడు పదార్థాల వాదన వర్తించదు. చేరడం స్వచ్ఛందం. సమ్మతి అడగకుండా గేటు దగ్గర ప్రయాణికుల ముఖాలను నమోదు చేసుకోవడం ఆ స్వచ్ఛంద స్వభావానికి విరుద్ధం. కెమెరా వద్దన్న ప్రయాణికుడు టికెట్టూ గుర్తింపు కార్డూ చూపించి పక్క వరసలోంచి లోపలికి వెళ్లవచ్చు.